రివాల్వర్ తూటా పరీక్ష – 4వ భాగం: జెల్ దిమ్మను చదవడం

పోయిన భాగంలో తూటా వేగం కొలిచే క్రోనోగ్రాఫ్ ముందు ఐదేసి రౌండ్లు పేల్చి వేగాలు రాసుకున్నాం. చాలామందికి అక్కడే షాక్ తగిలి ఉంటుంది. తూటాల పెట్టె మీద ఉన్న అంకె ఒకటి, మీ రివాల్వర్ ఇచ్చింది ఇంకొకటి. పెట్టె మీది వేగం చాలాసార్లు నాలుగు అంగుళాల బ్యారెల్‌తోనో, అంతకంటే పొడవైన దానితోనో కొలిచింది. మీ చేతిలో ఉన్నది రెండంగుళాలది. పైగా సిలిండర్‌కీ బ్యారెల్‌కీ మధ్య సన్నటి సందు ఉంటుంది కదా, గ్యాస్ కొంత అందులోంచి జారిపోతుంది. ఆ వేగాల కాగితం పక్కన పెట్టుకోండి, ఇవాళ పనికొస్తుంది.

ఎందుకంటే హాలో పాయింట్ తూటా, అంటే ముందు భాగంలో గుంట ఉండే తూటా, ముక్కు విచ్చుకోవాలంటే కొంత వేగం కావాలి. ఆ వేగం అందకపోతే అది ఖరీదైన మామూలు తూటా, అంతే. విచ్చుకుందో లేదో చూడటానికే, కండకు బదులుగా ఈ జెలటిన్ దిమ్మ.

దిమ్మ తయారీ గురించి రెండు ముక్కలు. బరువులో పదో వంతు జెలటిన్ పొడి, మిగతాది నీళ్లు. నీళ్లు మరీ వేడిగా ఉంటే జెలటిన్ పట్టు పోతుంది, తొందరపడి మరిగించొద్దు. గడ్డకట్టాక 4 డిగ్రీల సెల్సియస్ దగ్గర చల్లగా ఉంచాలి. పేల్చే ముందు దిమ్మ సరిగ్గా కుదిరిందో లేదో చూడాలి: 4.5 మి.మీ. స్టీలు గుండును ఎయిర్‌గన్‌తో సెకనుకు 180 మీటర్ల వేగంతో కొడితే అది 8.5 సెం.మీ. లోతుకు దిగాలి. ఒక సెంటీమీటరు అటూ ఇటూ అయినా ఫర్వాలేదు. అంతకు మించి తేడా ఉంటే ఆ దిమ్మ మీద వచ్చిన అంకెలకు విలువ లేదు. వీడియోల్లో అద్దంలా మెరిసే సింథటిక్ జెల్ చూసే ఉంటారు. చూడటానికి బాగుంటుంది, ఫ్రిజ్ అక్కర్లేదు, కానీ అసలు జెలటిన్‌లా ప్రవర్తించదు. ఒకదాని లోతును ఇంకోదానితో పోల్చకండి.

ఇక కొలతలకు వద్దాం. మొదటిది లోతు. అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ పెట్టుకున్న గీత 12 నుంచి 18 అంగుళాలు, అంటే సుమారు 30 నుంచి 46 సెం.మీ. మనిషి ఛాతీ అంత మందం ఉండదుగా, 12 ఎందుకు అని అడుగుతారు. 1986 ఏప్రిల్ 11న మయామీలో ఎఫ్‌బీఐ ఏజెంట్లకూ బ్యాంకు దొంగలకూ మధ్య జరిగిన కాల్పులు గుర్తు చేసుకోవాలి. ఒక దుండగుడి చేతిని చీల్చుకుని ఛాతీలోకి దిగిన 9 మి.మీ. తూటా గుండెకు చేరకుండానే ఆగిపోయింది. అతను ఆ తర్వాత కూడా పోరాడాడు. ఆ రోజు ఇద్దరు ఏజెంట్లు చనిపోయారు. తూటా ఎప్పుడూ ఎదురుగా, అడ్డం లేకుండా తగలదు. మధ్యలో చెయ్యి ఉంటుంది, కోణం మారుతుంది. అందుకే ముందు లోతు, తర్వాతే వెడల్పు.

దిమ్మలో మెరుపుల్లా విచ్చిన పగుళ్లను చూసి మురిసిపోకండి. అది తాత్కాలికంగా సాగిన గుర్తు. హ్యాండ్‌గన్ వేగాల్లో సాగే కండ చాలావరకు తిరిగి సర్దుకుంటుంది. మీకు కావలసింది తూటా ఎక్కడ ఆగింది, ఎలా ఆగింది అన్నదే.

రెండోది గుడ్డ పరీక్ష. రెండంగుళాల రివాల్వర్ల బండారం ఇక్కడే బయటపడుతుంది. దిమ్మ ముందు నాలుగు పొరల మందపాటి డెనిమ్ వేలాడదీసి మూడు మీటర్ల నుంచి పేల్చండి. తూటాను జెల్ లోంచి తీసి ముక్కులోకి చూడండి. విఫలమైన దాని గుంటలో నీలం దారాలు బిళ్ళలా గట్టిగా కూరుకుపోయి ఉంటాయి, సూదితో పొడిచినా తేలిగ్గా రావు. అంచు మాత్రం పేల్చకముందు ఎలా ఉందో అలాగే ఉంటుంది. గుంట మూసుకుపోయిందంటే గుండ్రటి ముక్కు తూటాలాగే దూసుకుపోతుంది, దిమ్మ వెనక నుంచి బయటకు కూడా వచ్చేస్తుంది. బాగా పనిచేసిన దానికి రేకులు వెనక్కి మడుచుకుని ఉంటాయి. దాని వెడల్పును కాలిపర్‌తో రెండు వైపులా కొలిచి సగటు రాయండి. .38 స్పెషల్ తూటా మొదటి వ్యాసం సుమారు 9 మి.మీ., తేడా మీకే తెలుస్తుంది. ఆ తర్వాత బరువు తూచండి, ముక్కలు ఊడాయేమో తేలిపోతుంది.

ఇప్పుడు ఆ వేగాల కాగితం తీయండి. ఉదాహరణకు మీ ఐదు రౌండ్లు సెకనుకు అడుగుల్లో 812, 845, 798, 830, 821 అనుకుందాం. సగటు 821. కానీ నేను చూసేది 798ని. జెల్‌లోకి కూడా క్రోనోగ్రాఫ్ మీదుగానే పేల్చి ఉంటే, అన్నిటికంటే తక్కువ విచ్చుకున్నది అలా నెమ్మదిగా వెళ్లిన రౌండేనా? అయితే ఆ తూటా మీ బ్యారెల్‌కు అంచు మీద నడుస్తోంది. సగటు చూసి మార్కులు వేసేవాళ్లుంటారు, నేను మాత్రం ఐదింటిలో చెత్తదాన్ని బట్టే వేస్తాను. సిలిండర్‌లో ఉండేదే ఐదో ఆరో!

చిన్న బ్యారెల్‌లో ఏ హాలో పాయింటూ నిలకడగా విచ్చుకోకపోతే వాడ్‌కటర్ పెట్టి చూడండి. ముందు భాగం చదునుగా ఉండే, అసలు విచ్చుకోని తూటా. విచ్చుకోవడం మీద ఆధారపడదు కాబట్టి గుడ్డ దానికి పెద్ద సమస్య కాదు, చేతికి తగిలే దెబ్బ కూడా తక్కువ. కొందరు దీన్ని పాతకాలపు సరుకంటారు. నాకు నచ్చుతుంది.

జెల్ చెప్పని సంగతి ఒకటుంది. తేలికపాటి రివాల్వర్‌లో గట్టి రౌండ్లు పేల్చినప్పుడు, పేలకుండా మిగిలిన వాటి తూటాలు కుదుపుకు ఇత్తడి కేసులోంచి కొంచెం కొంచెంగా ముందుకు జరుగుతాయి. సిలిండర్ ముందుకు పొడుచుకొస్తే ఫ్రేమ్‌కు తగిలి సిలిండర్ బిగుసుకుపోతుంది. అప్పుడు ట్రిగ్గర్ ఎన్నిసార్లు లాగినా లాభం లేదు.

అందుకని ఈ వారం పని ఇది. రేంజ్‌లో ఐదు రౌండ్లు నింపే ముందు ఒకదానికి మార్కర్‌తో గుర్తు పెట్టి, దాని మొత్తం పొడవు కాలిపర్‌తో కొలిచి రాసుకోండి. మిగతా నాలుగూ పేల్చాక దాన్ని తీసి మళ్లీ కొలవండి. తిరిగి అదే రౌండును పెట్టి ఇంకో నాలుగు పేల్చి మూడోసారి కొలవండి. పొడవు పెరుగుతూ పోతే జెల్‌లో ఎంత బాగా విచ్చుకున్నా ఆ రకం మీ రివాల్వర్‌కు పనికిరాదు. ఆ రౌండును పేల్చకుండా పక్కన పెట్టేయండి. ఆ మూడు అంకెలతో రండి, వచ్చే భాగంలో గురి ఎక్కడ పడుతోందో చూద్దాం.