పెరటి చేపల చెరువులో తేలే మొక్కలు: ఎంత వేయాలి, ఎప్పుడు తీయాలి

పర్లాకిమిడి, గుణుపురం వైపు పెరట్లో చిన్న చెరువు తవ్వి బొచ్చె, శీలావతి పెంచేవాళ్లను వేసవిలో ఎక్కువగా వేధించేది పచ్చనీళ్లే. మిగిలిన మేత, చేపల విసర్జన నీళ్లలో నత్రజనిగా మారి నాచును పెంచుతాయి. తేలే మొక్కలు ఆ నత్రజనిని వేళ్లతో లాగేసుకుంటాయి, నీటి మీద నీడ పరుస్తాయి. కానీ లాగింది మొక్కలోనే ఉంటుంది, మొక్కను బయటికి తీస్తేనే చెరువులోంచి పోతుంది. వదిలేస్తే కుళ్లి మళ్లీ నీళ్లలోకే దిగుతుంది.

నీళ్లు తేటపడాలంటే అంతరతామర (క్యాబేజీలా గుత్తిగా ఆకులుండే తేలే మొక్క) వేయండి. చేతికి సులువుగా అందుతుంది, తీయడం తేలిక. అజొల్లా అనే చిన్న తేలే మొక్క గాలిలోని నత్రజనితోనే బతకగలదు కాబట్టి శుభ్రం చేసే పనికి అంతగా ఒప్పదు. గడ్డి చేపకీ కోళ్లకీ మేతగా మాత్రం బాగుంటుంది, ఎండాకాలంలో దానికి నీడ తప్పనిసరి. గుర్రపు డెక్క జోలికి పోవద్దు. రెండు వారాల్లోనే రెట్టింపు కాగలదు, చిన్న చెరువులో దాన్ని అదుపు చేయడం కష్టం.

10 అడుగులకు 12 అడుగుల చెరువైతే 30 చదరపు అడుగులు, అంటే పావు వంతు కప్పితే చాలు. మూడో వంతు దాటనివ్వకండి. ఈ ఆకులు వదిలే ప్రాణవాయువు గాల్లోకే పోతుంది, నీళ్లలోకి రాదు. పైగా కప్పు దట్టమైతే గాలి నీటిని తాకదు. అప్పుడు తెల్లవారుజామున చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి. అలా కనబడిన రోజే సగం మొక్కలు తీసేసి, చెరువు నీళ్లను బకెట్‌తో ముంచి పైనుంచి మళ్లీ చెరువులోకే పోయండి. ఆ పూట మేత వేయొద్దు. బొచ్చె పైనీళ్లలోని సూక్ష్మజీవులను తిని బతుకుతుంది, నీడ మరీ ఎక్కువైతే దానికి తిండి కూడా తగ్గుతుంది.

మొక్కలు చెదరకుండా చట్రం కట్టాలి. ముప్పావు అంగుళం పీవీసీ పైపు 5 అడుగుల ముక్కలు రెండు, 6 అడుగులవి రెండు, ఎల్బోలు నాలుగు తీసుకుని గమ్‌తో అతికించండి. గమ్ బాగా ఆరాక నీళ్లలో ముంచి బుడగలు వస్తున్నాయేమో చూడండి. సూదిమొనంత సందున్నా పైపులోకి నీరు చేరి ఒక మూల మునిగిపోతుంది, మొక్కలన్నీ అటునుంచే జారిపోతాయి. నైలాన్ తాడుతో రెండు గూటాలకు కట్టి, మేత వేసే చోటుకు దూరంగా ఉంచండి. అరచేయంత మొక్కలు పదిహేనుతో మొదలుపెడితే సరిపోతుంది.

బయటి చెరువు నుంచి తెచ్చిన మొక్కను నేరుగా వేయకండి. 100 లీటర్ల నీటికి ఒక గ్రాము పొటాషియం పర్మాంగనేటు (ఊదారంగు మందు) కలిపి పది నిమిషాలు ముంచి, మంచినీటితో కడగండి. నత్తగుడ్లు ఆకు అడుగున జిగురు ముద్దలా అంటుకుని ఉంటాయి. పర్మాంగనేటును నమ్ముకోకుండా వాటిని గోటితో గీకేయాలి. చేప పేను గుడ్లు కూడా మొక్కలకు అంటుకుని వస్తాయి, అందుకే రెండు వారాలు వేరే తొట్టిలో ఉంచాకే చెరువులో వేయండి.

వారానికోసారి పెరిగినంతా తీయండి. ముదురు తల్లిమొక్కలను, పసుపు ఆకులవాటిని తీసి పిల్లమొక్కలను ఉంచండి. ఇది దోమలను అరికట్టడానికి కూడా. బోదకాలు మోసే మాన్సోనియా దోమ పిల్లలు అంతరతామర వేళ్లకు గొట్టం గుచ్చి, అక్కడి గాలితోనే బతుకుతాయి. పైకి రావు కాబట్టి మామూలుగా చూస్తే కనబడవు, మొక్కలను వేళ్లతో సహా బయటికి తీయాల్సిందే. తీసింది పేడతో కలిపి, కారిన రసం వెనక్కి రానంత దూరంలో కుప్ప వేయండి.

ఆకులు పసుపెక్కాయని యూరియా చల్లేవారున్నారు. ఆ పని అసలు చేయొద్దు. అందులోంచి పుట్టే అమ్మోనియా చేపలను చంపుతుంది. పసుపెక్కడం చాలాసార్లు నీళ్లలో సత్తువ తగ్గిందన్న గుర్తే, అంటే మొక్క తన పని చేసింది.

అక్టోబరు తుపానులకు ముందే నీళ్లు పొర్లే గొట్టానికి దోమతెర కట్టి, చట్రంలో సగం ఖాళీ చేయండి. 2018లో తిత్లీ వచ్చిందీ అక్టోబరులోనే. గెడ్డలో (వాగులో) పడిన మొక్క వంశధార చేరితే హిరమండలం గొట్టా బ్యారేజీ దాకా కూడా పోగలదు.