స్టీల్ సింగిల్ స్పీడ్ సైకిల్: బరువు తూచేదెలా, రేటు తేల్చేదెలా

సెకండ్ హ్యాండ్ సైకిల్ చూడ్డానికి వెళ్ళినోళ్ళందరూ చేసే మొదటి పని ఒకటే, పై రాడ్డు పట్టుకుని ఓసారి పైకి లేపి "ఊఁ, తేలిగ్గానే ఉందే" అనో "అమ్మో బరువుంది" అనో అనేయడం. నేనూ చాలాకాలం అదే చేశా. కానీ చెయ్యి చెప్పేది అబద్ధం అండీ, సరిగ్గా మధ్యలో పట్టుకుంటే ఏ సైకిలైనా తేలిగ్గా లేస్తుంది, కాస్త ముందుకో వెనక్కో పట్టుకుంటే ఒక పక్కకి ఒరిగిపోయి అదే సైకిల్ రెండు కిలోలు ఎక్కువున్నట్టు అనిపిస్తుంది. కాబట్టి ముందు తూకం, తర్వాతే మాట.

తూచడానికి పెద్ద సరంజామా ఏం అక్కర్లేదు. మనుషులు బరువు చూసుకునే మిషన్ ఒకటి చాలు. ముందు మీరొక్కరే ఎక్కండి, తర్వాత సైకిల్ ఎత్తి పట్టుకుని ఎక్కండి, రెండోదాంట్లోంచి మొదటిది తీసేయండి. మీరు 68.4, సైకిల్‌తో కలిపి 80.1 వస్తే సైకిల్ 11.7 కిలోలు. ఒక్కసారి చూసి వదిలేయకండి, మూడుసార్లు చూసి మధ్యలో ఉన్న నంబర్ తీసుకోండి, ఎందుకంటే సైకిల్ పట్టుకుని కదలకుండా నిలబడటం అనుకున్నంత ఈజీ కాదు. ఎత్తలేని వాళ్ళు ముందు చక్రాన్ని మిషన్ మీద పెట్టి, వెనక చక్రం కింద అదే ఎత్తులో ఏదో ఒక పుస్తకం పెట్టి సైకిల్ నిటారుగా పట్టుకుని చూడొచ్చు, తర్వాత అటూ ఇటూ మార్చి రెండూ కలిపేస్తే మొత్తం బరువు వచ్చేస్తుంది. లగేజీ తూచే కొక్కెం మిషన్ ఉంటే ఇంకా మంచిది, పై రాడ్డుకి బెల్టు చుట్టి వేలాడదీయడమే.

తూచే ముందు తాళం, బాటిల్, క్యారేజీ, స్టాండు తీసేసినట్టా ఉంచినట్టా అనేది తేల్చుకోండి, గొడవంతా ఇక్కడే. గట్టి యూ లాక్ ఒక్కటే కిలో దాటుతుంది, స్టాండు ఇంకో 300 నుంచి 500 గ్రాములు. కంపెనీలు చెప్పే బరువులో చాలాసార్లు పెడల్స్ ఉండవు, ఆ జత మామూలుగా 300, 400 గ్రాములుంటుంది. అందుకే అమ్మేవాళ్ళు "పది కిలోలే అండీ" అంటే పెడల్స్‌తోనా లేకుండానా అని అడగండి, చాలామందికి ఆ సంగతే తెలీదు.

ఇప్పుడు వచ్చిన నంబర్ ఏం చెప్తుందో చూద్దాం. మడ్‌గార్డులు, చైన్ కవరు, క్యారేజీ, రాడ్ బ్రేకులు ఉన్న పాతకాలం పెద్ద సైకిల్ అయితే 18 నుంచి 22 కిలోలు మామూలే, అది లోపం కాదు, దాని పుట్టుకే అంత. హై టెన్సైల్ అనే మామూలు చౌక రకం స్టీల్‌తో చేసిన, గేర్లు లేని సన్న టైర్ల సింగిల్ స్పీడ్ అయితే 11.5 నుంచి 13.5 మధ్య ఉంటుంది. క్రోమోలీ (క్రోమియం, మాలిబ్డినం కలిపిన స్టీల్) ఫ్రేమ్, అల్యూమినియం అల్లాయ్ పార్టులు ఉంటే 9, 10 దగ్గరికి దిగుతుంది. స్టీల్‌లో 8 కిలోల దగ్గర కనిపిస్తే అది ట్రాక్ రేసు సైకిల్ అయినా అయ్యుండాలి, బాగా డబ్బు పోసి పార్టులు వేసినదైనా అయ్యుండాలి, లేదా ఆ మిషన్ అయినా తప్పు చెప్తుండాలి.

ఇక్కడ చాలామంది పొరబడే పాయింట్ ఒకటుంది. మంచి స్టీల్ తేలిక, చౌక స్టీల్ బరువు అనుకుంటారు, కానీ ఏ స్టీల్ అయినా సాంద్రత దాదాపు ఒకటే, క్యూబిక్ సెంటీమీటర్‌కి 7.8 గ్రాముల చిల్లర. గట్టిదనం, అంటే వంగకుండా నిలబడే గుణం కూడా దాదాపు ఒకటే. తేడా అంతా బలంలో ఉంది. క్రోమోలీలో క్రోమియం సుమారు 1 శాతం, మాలిబ్డినం 0.2 శాతం కలుస్తాయి, దాంతో బలం పెరుగుతుంది కాబట్టి గొట్టం గోడ పల్చగా పెట్టినా తట్టుకుంటుంది, పల్చన కాబట్టి తేలిక, అంతే లెక్క. ఇంకా బాగా చేసేవాళ్ళు వెల్డింగ్ పడే రెండు చివర్లా 0.9 మి.మీ. మందం ఉంచి మధ్యలో 0.6కి తగ్గిస్తారు, దాన్నే బటెడ్ ట్యూబ్ అంటారు. బయటినుంచి చూస్తే ఏ తేడా తెలీదు.

మరి తెలుసుకునేదెలా అంటే, నాకు బాగా నచ్చిన చిట్కా ఇది. ఒక కాగితం ముక్క సన్నగా చించి, సీటు కింద ఉండే నిలువు గొట్టం చుట్టూ చుట్టి, అంచు కలిసినచోట గుర్తు పెట్టి, స్కేలు మీద కొలవండి. 90 మి.మీ. వచ్చిందంటే ఆ గొట్టం బయటి వ్యాసం 28.6. ఇప్పుడు సీటు బోల్టు లూజు చేసి సీటు పిల్లర్ మొత్తం బయటికి లాగి, దాని కింది భాగంలో చెక్కిన నంబర్ చూడండి. 27.2 అని ఉంటే గొట్టం గోడ ఒక్కో పక్క 0.7కి మించి లేదన్నమాట, అంటే మంచి పల్చని ట్యూబు. అదే 25.4 అని ఉంటే గోడ 1.6 దాకా ఉంది, అంటే మామూలు మందం గొట్టం, పైన ఎంత అందమైన స్టిక్కర్ అంటించినా సరే. మధ్యలో 26 చిల్లర నంబర్లు వస్తే మధ్యరకం. చుట్టుకొలత 90 కంటే ఎక్కువొస్తే ఈ లెక్క వర్తించదు, అప్పుడు చుట్టుకొలతని 3.14తో భాగించి బయటి వ్యాసం మళ్ళీ లెక్కేసి, అందులోంచి పిల్లర్ నంబర్ తీసేసి, మిగిలినదాన్ని సగం చెయ్యాలి. పిల్లర్ చుట్టూ పల్చటి రేకు తొడుగు పెట్టారేమో కూడా చూడండి, పెడితే దాన్నీ లెక్కలో వేసుకోవాలి.

స్టిక్కర్ గురించి అన్నా కదా, రేనాల్డ్స్ 531 అనేది 1935లో వచ్చిన మాంగనీస్ మాలిబ్డినం ట్యూబు, పాత మంచి ఫ్రేముల మీద కనిపిస్తుంది, కొలంబస్, టాంగే కూడా అలాంటి పేరున్న ట్యూబు కంపెనీలే. వీటి స్టిక్కర్లు విడిగా దొరుకుతాయి, ఎవరైనా దేనిమీదైనా అంటించేయొచ్చు. ఇంకో సంగతి, నిజమైన స్టిక్కర్ అయినా దాన్ని పూర్తిగా చదవాలి, మూడు మెయిన్ గొట్టాలే మంచివని రాసి ఉండొచ్చు, మిగతావి మామూలువి అయ్యుండొచ్చు. అందుకే స్టిక్కర్‌కి తోడు సాక్ష్యం వెతకండి. వెనక చక్రం ఇరుసు కూర్చునే చోట ప్లేటు చూడండి, రేకు కత్తిరించినట్టు చదునుగా, అంచులు పదునుగా ఉంటే చౌక పని, పోత పోసినట్టు మందంగా, అంచులు గుండ్రంగా ఉంటే మంచి పని. గోరుతో గొట్టం మధ్యలో టక్ మని కొట్టి చూడండి, పల్చనిది ఖంగుమంటుంది, మందంది చెక్కలా మూగగా మోగుతుంది. ఇది పక్కా పరీక్ష ఏం కాదు గానీ నాలుగు సైకిళ్ళ మీద కొట్టి చూస్తే చెవికి అలవాటైపోతుంది.

బరువు ఎక్కువున్నప్పుడు అది ఎక్కడుందో పట్టుకోవడం అసలు పని. ఫ్రేములో ఉంటే ఏం చెయ్యలేం, అది జీవితాంతం అక్కడే. పార్టుల్లో ఉంటే మార్చుకోవచ్చు. జేబులో చిన్న అయస్కాంతం పెట్టుకెళ్ళండి. రిమ్ముకి ఆనించండి, అంటుకుంటే స్టీల్ రిమ్ము, అంటుకోకపోతే మామూలుగా అల్యూమినియం. హ్యాండిల్, సీటు పిల్లర్, క్రాంకు (పెడల్ బిగించే కడ్డీ) అన్నిటికీ ఇలాగే. స్టీల్ రిమ్ము కనబడితే నేను రేటు గట్టిగా తగ్గించి అడుగుతా, బరువు కోసం మాత్రమే కాదు, రిమ్ము పట్టే బ్రేకులతో వానలో క్రోమ్ పూత వేసిన స్టీల్ రిమ్ము మీద బ్రేక్ వేస్తే సరిగ్గా ఆగదు, జారుతుంది, అది ప్రాణాలకి సంబంధించిన విషయం. పైగా అంచున ఉండే బరువుని వేగం అందుకునేలా చెయ్యడానికి ఫ్రేములో ఉన్న అదే బరువుకంటే దాదాపు రెట్టింపు శక్తి పడుతుంది, కాబట్టి సిగ్నల్ సిగ్నల్‌కీ ఆగి బయల్దేరేవాళ్ళకి ఆ తేడా కాళ్ళకి తెలుస్తుంది.

అలాగని బరువు పిచ్చిలో పడకండి. మీరు 70, సైకిల్ 12, మొత్తం 82. రెండు కిలోలు తగ్గిస్తే 2.4 శాతం, ఎత్తు ఎక్కేటప్పుడు దాదాపు అంతే లాభం, చదునైన రోడ్డు మీద దాని ఊసే ఉండదు, అక్కడ టైర్లలో గాలి, మీరు గాలికి ఎంత ఎదురొడ్డుతున్నారు అన్నవే ముఖ్యం. రోజూ మెట్లెక్కించి పైకి మోసుకెళ్ళాల్సిన వాళ్ళకి మాత్రం కిలో కిలోకీ లెక్కుంది.

ఇప్పుడు డబ్బు పోయే చోటికి వద్దాం, ఫ్రేము డ్యామేజి. ముందు హ్యాండిల్ కింద, కింది రాడ్డు హెడ్‌కి (హ్యాండిల్ కాడ దిగే పొట్టి గొట్టానికి) కలిసే చోటు నుంచి రెండు అంగుళాల లోపు వేలు పెట్టి అడుగువైపు నెమ్మదిగా నిమరండి. కళ్ళతో కాదు, వేలితో. ఎక్కడైనా చిన్న ఉబ్బు తగిలినా, పెయింట్ అడ్డంగా గీతలా చిట్లినా ఆ సైకిల్ ఎప్పుడో ఎదురుగా దేన్నో గుద్దింది. తర్వాత పక్కనుంచి నిలబడి ఫోర్కు చూడండి, వంపు ఉన్న ఫోర్కు అయితే ఆ వంపు ముందుకే ఉండాలి, పై భాగం వెనక్కి నెట్టినట్టు ఉంటే అదీ గుద్దుడే. వెనక భాగం వంకర చూడ్డానికి ఒక దారం చాలు: వెనక ఇరుసు ఎడమ పక్క నుంచి దారం తీసి హెడ్ చుట్టూ తిప్పి కుడి పక్కకి బిగించి, రెండు పక్కలా దారానికీ సీటు గొట్టానికీ మధ్య ఎడం కొలవండి. ఒకట్రెండు మి.మీ. తేడా అయితే పర్లేదు, నాలుగైదు ఉంటే వదిలేయండి. స్టీల్‌ని సరిచేయొచ్చు నిజమే, కానీ ఆ ఖర్చు మీదెందుకు కావాలి?

తుప్పు గురించి ఒక్క మాట, పైన కనిపించే గోధుమ రంగు పొడి తుప్పుకి భయపడకండి, పెయింట్ కింద బుడగలా లేచిన దానికి భయపడండి. సీటు పిల్లర్ మాత్రం తప్పకుండా కదిపి చూడండి. నేనోసారి మంచి క్రోమోలీ ఫ్రేము, రేటు కూడా బాగుందని సంబరపడి పిల్లర్ కదపకుండానే కొనేశా, ఇంటికొచ్చి సీటు ఎత్తు మారుద్దామంటే అది స్టీల్ గొట్టంలో అల్యూమినియం పిల్లర్, ఏళ్ళ తరబడి గ్రీజు లేక రెండూ కరుచుకుపోయి ఉన్నాయి. నూనె పోశాం, సుత్తి పెట్టాం, సీటునే పట్టుకుని మెలితిప్పాం, చివరికి పిల్లర్ పైన కోసేసి లోపల మిగిలిన ముక్కని రంపం బ్లేడుతో నిలువునా చీల్చి తీయాల్సొచ్చింది, రెండు రోజుల పని, గొట్టం లోపల గీతలు బోనస్. అమ్మినాయనకి ఆ సంగతి తెలుసో లేదో గానీ, నేను ఒక్క బోల్టు లూజు చేసి చూసుంటే అక్కడే తేలిపోయేది.

అరుగుదల సంగతి త్వరగా చెప్పేస్తా. చైను మీద అంగుళాల స్కేలు పెట్టండి, 12 అంగుళాల్లో పిన్నుకి పిన్ను సరిగ్గా కూర్చోవాలి, 1/16 దాటితే చైను మార్చాలి, 1/8 దాకా పోతే చైన్ వీలు, ఫ్రీవీల్ (వెనక పళ్ళ చక్రం) పళ్ళు కూడా అయిపోయాయని లెక్క. చక్రాలు పైకెత్తి తిప్పి బ్రేక్ రబ్బరు దగ్గర రిమ్ము ఊగుడు చూడండి, కొంచెం బెండు అయితే తీయించొచ్చు, గంతులేస్తుంటే రిమ్ము పోయినట్టే. క్రాంకుని పట్టుకుని పక్కకి అటూ ఇటూ ఊపితే లొడలొడమంటే బేరింగ్ పని ఉంది. సింగిల్ స్పీడ్‌లో ఇంకోటి, క్రాంకు నెమ్మదిగా ఒక చుట్టు తిప్పుతూ చైను బిగువు చూస్తుండండి, ఒకచోట బిగిసి ఒకచోట వేలాడితే చైన్ వీలు గుండ్రంగా కూర్చోలేదు, కొద్దిగా ఉండటం మామూలే, బాగా ఉంటే చైను జారిపడుతుంది.

పార్టులు దొరుకుతాయా లేదా అన్నది కూడా విలువే. వెనక ఇరుసు ప్లేట్ల మధ్య కొలవండి: 120 మి.మీ. అయితే ట్రాక్ కొలత, సింగిల్ స్పీడ్ హబ్బులు సులువుగా దొరుకుతాయి, 126, 130 అయితే అది గేర్ల సైకిల్ నుంచి మార్చిందన్నమాట. మార్చిందైతే తప్పు కాదు, కానీ ప్లేటు గాడి నిలువుగా ఉండి చైను బిగించడానికి స్ప్రింగు కప్పీ పెట్టి ఉంటే దాన్ని అసలైన సింగిల్ స్పీడ్ రేటుకి కొనకండి. ఇరుసుకి మేకులాంటి కాటర్ పిన్నుతో బిగించే పాతకాలం క్రాంకు ఉన్నా రేటు దించాల్సిందే. ఎదురు లెక్క కూడా ఉంది: జపాన్‌లో 1948 నుంచి నడుస్తున్న కెయిరిన్ అనే ట్రాక్ రేసుల కోసం తయారై, ఆ రేసులకి ఆమోదించినట్టు ఎన్‌జేఎస్ ముద్ర పడిన స్టీల్ ఫ్రేము దొరికితే దాని విలువ వేరు, దాన్ని బరువుతో తూచకూడదు. అయితే అందులో బ్రేకు బిగించడానికి రంధ్రాలు లేకపోవచ్చు, రోడ్డు మీద తిరగాలనుకునేవాళ్ళు అది చూసుకోవాలి.

రేటు తేల్చేటప్పుడు నేను చేసేది చాలా సింపుల్. అదే రకం కొత్త సైకిల్ రేటు పైన రాస్తా. మార్చాల్సినవి, టైర్లు, ట్యూబులు, చైను, బ్రేక్ రబ్బర్లు, కేబుళ్ళు, ఓవరాలింగ్ కూలీ, అన్నిటి రేట్లూ కనుక్కుని కింద రాస్తా. అమ్మేవాళ్ళు అడిగిన దానికి ఈ ఖర్చు కలిపితే హై టెన్సైల్ ఫ్రేముకి కొత్తదాంట్లో సగం దాటకూడదు, దాటితే దండం పెట్టి వచ్చేస్తా. మంచి బటెడ్ క్రోమోలీ, వంకర లేని ఫ్రేము, మామూలు సైజు పార్టులు అయితే ముప్పావు వంతు దాకా వెళ్తా, ఎందుకంటే అది ఇంకో ఇరవై ఏళ్ళు పడుంటుంది. కొత్త పెయింట్‌కి ఎక్కువ ఇవ్వకండి, చిట్లిన గీతల్ని, ఉబ్బుల్ని దాచడానికి అంతకంటే మంచి ముసుగు లేదు, పాత గీతలున్న ఒరిజినల్ పెయింటే నాకు నయం. సైజు సరిపోకపోతే మాత్రం ఎంత చౌకైనా మీకది సున్నా.

బేరం కుదిరాక డబ్బులు తీసే ముందు సైకిల్ తిరగేసి క్రాంకు ఇరుసు గూడు అడుగున చూడండి, అక్కడే చాలా ఫ్రేములకి సీరియల్ నంబర్ కొట్టి ఉంటుంది. ఫోటో తీసుకుని, పాత బిల్లు ఉంటే దాంతో సరిపోల్చండి. ఆ చోట ఆకురాయి పెట్టి అరగదీసినట్టు మెరుస్తుంటే సైకిల్‌ని మళ్ళీ నిలబెట్టి, ఏం మాట్లాడకుండా బయటికొచ్చేయండి.