తెర మధ్య ఒక్క అడ్డగీతే మిగిలితే

పాత సీఆర్‌టీ (గాజు పిక్చర్ ట్యూబ్ ఉండే) మానిటర్‌లో బొమ్మంతా నలిగి తెర మధ్య ఒక్క అడ్డగీతే మిగిలితే పిక్చర్ ట్యూబ్ పోయిందని పారేయకండి. గీత వెలుగుతోందంటే ట్యూబూ, హైవోల్టేజీ పనిచేస్తున్నట్టే. చెడింది వర్టికల్ సెక్షన్, అంటే బొమ్మను పైకీ కిందికీ సాగదీసే సర్క్యూట్. వెంటనే ఆపేయండి, లేకపోతే ఆ గీత ఫాస్ఫర్‌ను, అంటే తెర లోపల వెలిగే పూతను, కాల్చేస్తుంది.

ప్లగ్ తీసి అరగంట ఆగాకే మూత విప్పండి. ఇన్సులేటెడ్ స్క్రూడ్రైవర్ కడ్డీకి వైరు కట్టి, రెండో కొసను ట్యూబ్ వెనక ఉండే అల్లిక ఎర్త్ తీగకు బిగించి, యానోడ్ (ట్యూబ్‌కు హైవోల్టేజీ వైరు చేరే చోటు) రబ్బరు టోపీ కింద మొన తగిలించండి. రెండో చెయ్యి వీపు వెనకే ఉండాలి. పది నిమిషాలాగి మళ్లీ తగిలించండి, ట్యూబ్‌లో చార్జి మళ్లీ ఊరుతుంది. మెయిన్ ఫిల్టర్ కెపాసిటర్ మరచిపోవద్దు: 230 వోల్టుల కరెంటు మీద దాదాపు 325 వోల్టులు పట్టి ఉంచుతుంది. మీటర్‌తో చూసి, మిగిలి ఉంటే దాని రెండు కాళ్ల మధ్య 2.2 కిలో ఓమ్, 10 వాట్ల రెసిస్టర్ తగిలించి దించండి.

ఇక హీట్‌సింక్‌కు బిగించిన వర్టికల్ ఐసీ కాళ్లు, యోక్ (ట్యూబ్ మెడ చుట్టూ ఉండే తీగచుట్ట) కనెక్టర్ కాళ్లు భూతద్దంతో చూడండి. వేడెక్కి చల్లారి సోల్డర్‌లో కాలు చుట్టూ సన్నని ఉంగరంలా పగులు వస్తుంది. పాత సోల్డర్ పూర్తిగా పీల్చేసి 60/40 (తగరం/సీసం) రకంతో కొత్తగా పెట్టండి. పైపైన కరిగిస్తే పగులు మళ్లీ వస్తుంది. గీత పోయినా బొమ్మ పైభాగం మడత పడుతుంటే, ఐసీ పక్కనున్న ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ ఎండిపోయి ఉండొచ్చు. అదే మైక్రోఫారడ్, అంతే లేదా ఎక్కువ వోల్టేజీ, 105 డిగ్రీల రకం వేయండి, ధ్రువాలు చూసుకుని.