ఏడాదిన్నర బాబుతో విమానంలో నాలుగు గంటలు

మా బాబు ఇంట్లోనే ఒక్కచోట నిలవడు. మొదటిసారి విమానం ఎక్కినప్పుడు టెన్షన్‌తో బొమ్మలన్నీ ఒకేసారి ముందు పోశాను. 20 నిమిషాల్లో అన్నిటి మీదా మోజు తీరిపోయింది, ఆ తర్వాత దారంతా ఏడుపే. తిరుగు ప్రయాణానికి పద్ధతి మార్చాను.

ఎక్కేముందు గేటు దగ్గర వాడిని తనివితీరా పరుగెత్తనిచ్చాను. మా ఆయన సామాన్లతో ముందు వెళ్లారు, మేమిద్దరం చివర్లో ఎక్కాం. సీట్లో కూర్చోవాల్సిన సమయం ఆమేరకు తగ్గింది.

బొమ్మలు ఒక్కొక్కటే తీశాను. కానీ అన్నిటికన్నా పనికొచ్చింది రంగు కాగితం టేపు. చిన్న ముక్కలు చింపి ముందున్న ట్రే మీద అంటించాను. వాడు గోటితో అంచు లేపి, మెల్లగా పీకి, నా ముక్కుకి అంటించి, మళ్లీ పీకి... అరగంట అదే ఆట! నోట్లో పెట్టుకోకుండా పక్కనే చూస్తూ ఉండాలి. దిగేముందు ముక్కలన్నీ ఏరేశాను.

బెల్టు లైటు ఆరినప్పుడల్లా నడవలో ఒక చుట్టు.

పాపం, మొదటిసారి దిగేటప్పుడు చెవులు పట్టుకుని ఏడ్చాడు. గాలి ఒత్తిడి మారుతున్నప్పుడు గుటక వేస్తే చెవులకి ఉపశమనం. విమానం కిందికి దిగడం ల్యాండింగ్‌కి సుమారు అరగంట ముందే మొదలవుతుంది కాబట్టి, ఈసారి అప్పుడే స్ట్రా గ్లాసుతో నీళ్లు తాగించడం మొదలుపెట్టాను. నిద్రలో ఉన్నా లేపాను. ఏడవలేదు.