చొక్కా మీద సూదిపని – 4వ పాఠం: మూలమట్టం, కంపాసు

పోయిన పాఠంలో పేర్ల అక్షరాలు కుట్టాం. ఈసారి గుర్తు. మూఢం వచ్చిందంటే నెల్లూరులోనైనా ఒంగోలులోనైనా జాకెట్ల మగ్గం పని పల్చబడుతుంది గదా, అప్పుడు ఇలాంటి చొక్కాలే ఆసరా. ఫ్రీమేసన్ లాడ్జి (ఫ్రీమేసన్లంటే ఒక సోదర సంఘం, దాని శాఖను లాడ్జి అంటారు) సభ్యులు ఎడమ రొమ్ము మీద గుర్తు, దాని కింద పేరు, లాడ్జి నంబరు కుట్టించుకుంటారు.

గుర్తులో ఉండేవి రెండు పనిముట్లు. తాపీమేస్త్రీ మూలమట్టం: మూల కిందికి, చేతులు పైకి. కంపాసు: తల పైకి, మొనలు కిందికి. నడుమ ఇంగ్లీషు 'జి' అక్షరం కొన్నిటిలో ఉంటుంది, కొన్నిటిలో ఉండదు. నమూనాలో ఉంటేనే కుట్టండి, అందానికని మీరు చేర్చొద్దు.

అన్నిటికంటే ముందు చూడాల్సింది కంపాసు కాళ్లు. లాడ్జి సభ్యుల హోదాలో మెట్లు 3. మొదటి మెట్టుకు రెండు కాళ్లూ మూలమట్టం కిందికి పోతాయి. రెండోదానికి ఒక కాలు పైకొస్తుంది. ఏ కాలన్నది నమూనాలోనే చూసుకోండి. మూడోది మాస్టర్ మేసన్, రెండూ పైనే. మామూలుగా చొక్కాల మీదికొచ్చేది ఈ మూడోదే, అయినా అడిగి రాసుకోండి. కాలు తారుమారైతే పని ఎంత నున్నగా ఉన్నా చొక్కా తిరిగొస్తుంది. (రోటరీ వాళ్ల చక్రమూ అంతే. 24 పళ్లు, 6 ఆకులు. లెక్కపెట్టే వాళ్లుంటారు.)

కింద ఉండేదాన్ని ముందు కుట్టాలి. మాస్టర్ మేసన్ గుర్తుకైతే మూలమట్టం, ఆ తర్వాత కంపాసు. రెండూ దాటుకునే చోట మాత్రం మూలమట్టాన్ని నింపకుండా ఖాళీ వదలండి. దారం మీద దారం పడితే గడ్డ కడుతుంది, ఇస్త్రీ పెట్టగానే అది మెరిసి కనపడుతుంది. కంపాసు కాలికి అటూ ఇటూ సన్నగా బట్ట కనపడనిస్తే ఏ పనిముట్టుకాపనిముట్టు విడిగా తెలుస్తుంది. అంచు కాడకుట్టు, లోపల నింపుకుట్టు, 6 పోగుల దారంలో 2 పోగులు చాలు. మూల దగ్గర కుట్లు విసనకర్రలాగా తిప్పొద్దు. రెండు వైపుల నుంచీ వచ్చి ఏటవాలు గీత మీద కలవాలి.

మూల సరిగ్గా 90 డిగ్రీలు. పిల్లల జామెట్రీ బాక్సులో మూలమట్టం ఉంటుంది, దాంతోనే గీయండి. గుర్తు నడిమి గీత పడుగు దారం వెంట నిలువుగా రావాలి. గీసింతర్వాతే రింగు బిగించండి. బట్టను ఐమూలగా లాగితే రింగులో బాగానే ఉంటుంది, తీయగానే మూల వంకరపోతుంది. జాకెట్ల మీద నమూనా దించడానికి వాడే కిరోసిను నీలం తెల్ల పాప్లిన్ మీద వద్దు, మరక పోదు. పెన్సిలు చాలు.

భుజం కుట్టు నుంచి 7, 8 అంగుళాలు దిగితే గుర్తు చోటు. అక్కడ జేబు ఉంటే దాని మూతికి పైన కుట్టండి, లేదా జేబు విప్పి కుట్టి మళ్లీ అతికించండి. జేబును కలిపి కుట్టేస్తే పెన్ను కూడా దూరదు. వెనక పల్చటి బక్రం (బిగువుకు వేసే గట్టి బట్ట) వేయండి. నీలం దారాన్ని ముందు తడిపి, తెల్లగుడ్డ మీద పెట్టి వేడి ఇస్త్రీతో నొక్కి చూడండి. రంగు దిగితే ఆ దారం పక్కన పెట్టేయండి.

ఈ వారం పాప్లిన్ ముక్క మీద 2 అంగుళాల మూడో మెట్టు గుర్తు కుట్టండి. 5వ పాఠంలో దాని కింద పేరును వంపుగా కూర్చడం.