కిరండూల్ బండి దిగి గోస్తనీ దగ్గరికి

విశాఖలో కుళాయి తిప్పితే వచ్చే నీళ్ళలో కొంత గోస్తనీ నీళ్ళే. అనంతగిరి కొండల్లో పుట్టి, తాటిపూడి జలాశయంలో ఆగి, కొంత మన ఇళ్ళకొచ్చి, మిగతాది భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. భీమిలి వైపు మనందరం ఈ నదిని చూసినవాళ్ళమే. కొండల్లో, అది ఇంకా గెడ్డగా, అంటే చిన్న కొండవాగుగా ఉన్నచోట కూడా చూడాలి. మా వీధి పిల్లల్ని, చుట్టాల్ని వెంటేసుకుని నేను వెళ్ళే దారి ఇది: పొద్దున్నే విశాఖ నుంచి కిరండూల్ వెళ్ళే రైలుబండి, బొర్రాలో దిగడం, అక్కణ్ణుంచి కటికి జలపాతం దాకా నడక, చీకటి పడకముందే వెనక్కి.

ముందు ఎప్పుడు వెళ్ళాలో చెప్తాను, ఎందుకంటే సగం ప్రమాదాలు అక్కడే తప్పుతాయి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి రోజులు. నీళ్ళు ఉంటాయి, దారి ఆరి ఉంటుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా కొండ పచ్చగా ఎంత ఊరించినా కొత్తవాళ్ళని తీసుకెళ్ళను. అక్టోబరులో బంగాళాఖాతం వార్తలు వినకుండా బయల్దేరొద్దు. హుద్‌హుద్ తుఫాను మన మీద విరుచుకుపడింది 2014 అక్టోబరు 12నే కదా. వానలకి ఘాట్‌లో బండరాళ్ళు జారి పట్టాల మీద పడితే రైళ్ళు కూడా ఆగిపోతాయి.

బండి విశాఖ స్టేషన్లో ఏడు లోపే కదులుతుంది, బొర్రా గుహలు స్టేషన్‌కి పది ప్రాంతంలో చేరుస్తుంది. టైములు మారుతుంటాయి కాబట్టి ముందురోజు రాత్రి రైళ్ళ టైములు చూపించే రైల్వేవాళ్ళ ఎన్‌టీఈఎస్ యాప్‌లో చూసుకోండి. సెలవు రోజుల్లో జనరల్ పెట్టెలో కాలు పెట్టే చోటుండదు, రిజర్వేషన్ చేయించుకోవడమే మేలు. వెళ్ళేటప్పుడు కుడివైపు కిటికీ దొరికితే లోయ బాగా కనిపిస్తుంది. శృంగవరపుకోట, బొడ్డవర దాటాక బండి కొండెక్కడం మొదలవుతుంది, ఆ తర్వాత సొరంగాలే సొరంగాలు. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని మన పోర్టుకి దించడానికి వేసిన లైను ఇది. అందుకే ఎదురుగా గూడ్సులు వస్తూనే ఉంటాయి, మన బండి ఆగి దారిస్తుంది. టిఫిన్ ఇంటి దగ్గరే కట్టుకోండి. పులిహోర మధ్యాహ్నం దాకా పాడవదు.

బొర్రాలో దిగగానే అందరూ గుహల వైపు పరిగెడతారు. మీరు గుహల్ని సాయంత్రానికి ఉంచుకుని ముందు నది దగ్గరికి వెళ్ళండి. శీతాకాలంలో అయిదున్నరకల్లా పొద్దు గూకుతుంది, లోయలో వెలుగు ఇంకా ముందే పోతుంది. గుహలో ఎలాగూ దీపాలుంటాయి.

కటికికి జీపులుంటాయి. రాళ్ళ దారి, ఒళ్ళు హూనమవుతుంది. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు నిరభ్యంతరంగా జీపెక్కండి, అయినా చివర్లో కొంత నడవక తప్పదు. మొత్తం నడిచేవాళ్ళు మాత్రం పోను అయిదారు కిలోమీటర్లకి తక్కువ అనుకోకండి, ఎక్కడమూ దిగడమూ కలిపి. ఊళ్ళో ఒకరిని తోడు తీసుకోండి, డబ్బు ముందే మాట్లాడుకోండి. నోట్లు దగ్గరుంచుకోండి, సిగ్నల్ లేనిచోట ఫోన్‌పే పనిచేయదు. ఆ తోడొచ్చేవాళ్ళకి కొండ కంఠతా వచ్చు. మనకంటే పెద్దవాళ్ళైతే "మావయ్యా", "అమ్మా" అని పిలవండి, "ఏయ్" అనొద్దు. ఇళ్ళ ముందు ఫొటోలు అడక్కుండా తీయొద్దు. ఇంకొక్కటి గట్టిగా చెప్తాను: దగ్గరిదారని రైలు పట్టాల మీద మాత్రం నడవొద్దు. అది చట్టం ప్రకారం నేరం. పైగా సొరంగం మధ్యలో ఖనిజం బండి వస్తే పక్కకి తప్పుకునే చోటు దొరకడం కష్టం.

దారిలో బొంగు చికెన్ అమ్మే చోట ఆగి, వెళ్ళేటప్పుడే చెప్పేయండి. పచ్చి వెదురు బొంగులో మసాలా పట్టించిన ముక్కలు కూరి, మూతిని ఆకుతో బిగించి, నిప్పుల మీద తిప్పుతూ కాలుస్తారు. నూనె చుక్క వేయరు. బొంగు పైన నల్లబడి, లోపల దాని తడితోనే ముక్క ఉడుకుతుంది. దానికి టైము పడుతుంది. మీరు తిరిగొచ్చేసరికి సిద్ధంగా ఉంటుంది.

ఇక గెడ్డ దాటడం. కాలికి పట్టున్న రబ్బరు బూట్లు ఉండాలి. హవాయి చెప్పులు వద్దు, వట్టి కాళ్ళు అసలే వద్దు. తాగి పగలగొట్టిన సీసా పెంకులు నీళ్ళలో ఉంటాయి, అది చూసినప్పుడల్లా నాకు కడుపు మండుతుంది. తడిసి నల్లగా మెరిసే రాయి మీద పాచి ఉంటుంది, బూడిదరంగులో ఆరిన రాయి నమ్మదగింది. బరువు మోపే ముందు కర్రతో రాయిని కదిపి చూడండి. నీళ్ళు వచ్చే వైపుకి ముఖం పెట్టి, కర్రని ముందు ఆనించి, ఒక కాలు కుదురుకున్నాకే రెండో కాలు పక్కకి జరపండి. సంచీ నడుం పట్టీ విప్పేయండి, పడితే సంచీ వదిలేయగలగాలి. నీరు మోకాలు దాటిందంటే ఆ చోట దాటొద్దు.

పైన ఎక్కడో వాన పడితే ఇక్కడ ఎండ కాస్తుండగానే గెడ్డ పొంగుతుంది. ఒకసారి తోడొచ్చిన పెద్దాయన మమ్మల్ని గట్టు మీదే ఆపేసి, "నీళ్ళకి రంగొచ్చింది బాబూ, ఇంక దిగకండి" అన్నారు. మాకు తేడా తెలియలేదు. కాసేపటికి ఎర్రమట్టి నీళ్ళతో పాటు ఎండుపుల్లలు, ఆకులు కొట్టుకొచ్చాయి. రంగు మారడం, చెత్త తేలడం, నీటి హోరు పెరగడం, వీటిలో ఏ ఒక్కటి గమనించినా వెంటనే ఎత్తుకి ఎక్కేయండి. సామాను కోసం వెనక్కి రావొద్దు.

జలపాతం కింద మడుగులోకి పైనుంచి దూకొద్దు. అడుగున రాళ్ళెలా ఉన్నాయో, దుంగలున్నాయో ఎవరికీ తెలీదు. గట్టున కూర్చుని కాళ్ళు పెట్టినా ఆ చల్లదనం సరిపోతుంది. సబ్బు, షాంపూ తేవొద్దు, ప్లాస్టిక్ ఒక్కటీ వదలొద్దు. ఈ నీళ్ళే కదా తాటిపూడికి వెళ్ళేవి, మన బిందెల్లోకి వచ్చేవి! తాగడానికి మాత్రం ఇంటి నుంచే తెచ్చుకోండి.

రెండు గంటలకి అక్కణ్ణుంచి కదలాల్సిందే, ఎవరు ఎంత బతిమాలినా. వెనక్కి వచ్చి చికెన్ తిని గుహల్లోకి వెళ్ళండి. అప్పుడు గుహ అర్థమవుతుంది. అడవి మట్టిలోంచి ఇంకే వాననీరు కొద్దిగా పులుపెక్కి సున్నపురాయిని కరిగించుకుంటూ పోయింది, గోస్తనీ లోయని తొలిచింది. ఆ కరిగిన సున్నమే చుక్కచుక్కగా పేరుకుని పైనుంచి వేలాడుతోంది. గుహ మీదుగానే పొద్దున మనం వచ్చిన లైను వెళ్తుంది.

తిరుగు బండి సాయంత్రం వస్తుంది కానీ లేటైన రోజులే ఎక్కువ. పిల్లలు ఉంటే దాని కోసం కూర్చోకుండా, జీపులో అరకు రోడ్డు మీది బొర్రా జంక్షన్‌కి వెళ్ళి విశాఖ బస్సు పట్టుకోండి.

ఏజెన్సీలో మలేరియా ఉంది. పొడుగు చేతుల చొక్కా, దోమల క్రీము మర్చిపోవద్దు. వచ్చిన వారం పదిరోజుల తర్వాత, కొన్ని నెలల దాకా ఎప్పుడు జ్వరం తగిలినా వట్టి పారాసిటమాల్‌తో సరిపెట్టకండి. అనంతగిరి కొండలకి వెళ్ళొచ్చామని డాక్టరుకి చెప్పి రక్తపరీక్ష చేయించుకోండి.