ఎడిసన్ కాగితాలను డిజిటల్ భాండాగారంలో వెతికి చదవడం ఎలా

అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రంలో, వెస్ట్ ఆరెంజ్ అనే ఊళ్లో, థామస్ ఎడిసన్ ప్రయోగశాల ఇప్పటికీ ఉంది. ఆయనా ఆయన కంపెనీలూ మిగిల్చిన కాగితాలు అక్కడ దాదాపు 50 లక్షల పుటలు భద్రంగా ఉన్నాయి. ప్రయోగాల నోట్‌బుక్కులు, ఉత్తరాలు, చిట్టా ఆవర్జాలు, పేటెంటు దరఖాస్తులు, కోర్టు వ్యాజ్యాల కాగితాలు, వాటితోపాటు వేలాది ఫోటోలు ఆ రాశిలో ఉన్నాయి. దీన్నంతా ఒక క్రమంలో పెట్టడానికి రట్‌గర్స్ విశ్వవిద్యాలయం, అమెరికా జాతీయ ఉద్యానవనాల శాఖ, స్మిత్సోనియన్ సంస్థ, న్యూజెర్సీ చరిత్ర కమిషన్ కలిసి 1978లో ఒక ప్రాజెక్టు మొదలుపెట్టాయి. ఎంపిక చేసిన పత్రాలు మొదట మైక్రోఫిల్ముగా, తర్వాత అచ్చు సంపుటాలుగా, ఆపైన ఇంటర్నెట్‌లో బొమ్మల రూపంలో వెలువడ్డాయి. ఇంట్లో కూర్చుని ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. అయితే తలుపు తెరిచి ఉన్నంత మాత్రాన లోపల దారి తెలియదు కాబట్టి, ఆ దారి చెప్పడానికే ఈ వ్యాసం.

మొదట గుర్తుంచుకోవలసింది, ఇంటర్నెట్‌లో కనిపించేది ఆ 50 లక్షల పుటల్లో ఒక భాగం మాత్రమే. సంపాదకులు ముఖ్యమైనవి ఎంచి పెట్టారు. మిగిలినవి వెస్ట్ ఆరెంజ్‌లోని పెట్టెల్లోనే ఉన్నాయి. అందువల్ల మీరు వెతికిన ఉత్తరం దొరకకపోతే అలాంటి ఉత్తరమే లేదని రాయకూడదు, మీరు చూసిన డిజిటల్ ప్రతుల్లో కనిపించలేదని మాత్రమే రాయాలి. పరిశోధన వ్యాసాలు రాసే విద్యార్థులు ఎక్కువగా పొరబడేది ఇక్కడేనని నాకు అనిపిస్తుంది.

రెండో సంగతి వెతికే పద్ధతికి సంబంధించినది. ఈ పత్రాల్లో అధికభాగం చేతిరాత. అచ్చు అక్షరాల్లోకి ఎత్తి రాసినవి కొన్నే గనక, ఉత్తరం లోపలి మాటలను పెట్టి వెతికితే ఆ కొన్నింటిలోనే వెతికినట్టవుతుంది. ప్రతి పత్రానికీ సంపాదకులు రాసిన వివరాలు ఉంటాయి: ఎవరు రాశారు, ఎవరికి రాశారు, ఏ తేదీన, ఏ రకం పత్రం. మీ వెతుకులాట వీటితో మొదలు కావాలి. ఈ వివరాల్లో ఎడిసన్ పేరు తరచుగా టీఏఈ (థామస్ అల్వా ఎడిసన్) అనే మూడక్షరాలుగా కనిపిస్తుంది. ఒక మనిషి పేరు, ఒకటి రెండేళ్ల కాలం, ఈ రెండూ కలిపి పెడితే వేల ఫలితాలు పదుల్లోకి దిగుతాయి. విషయాన్ని బట్టి వెతకక తప్పనప్పుడు ఆ కాలపు మాటనే వాడండి. మనం నేడు బల్బ్ అనేదాన్ని ఎడిసన్ కాగితాలు ఎక్కువగా ల్యాంప్ అంటాయి. 1880 జనవరి 27న మంజూరైన ఆయన పేటెంటు శీర్షిక కూడా ‘ఎలక్ట్రిక్ ల్యాంప్’ అనే ఉంది. పేర్ల వర్ణక్రమంలోనూ జాగ్రత్త అవసరం. తన దగ్గర పనిచేసిన స్విట్జర్లాండ్ దేశస్థుడు జాన్ క్రూసీ పేరును ఎడిసనే తప్పుగా రాసిన సందర్భం ఉంది కాబట్టి, సంపాదకుల పేర్ల జాబితాలో ఆ మనిషిని ఎంచుకోవడం మనం టైపు చేయడం కన్నా నమ్మకమైన పని.

పత్రం దొరికాక వెంటనే చదవడం మొదలుపెట్టకుండా, దాని సంఖ్యను, అది ఉన్న ఫోల్డరును చూడండి. డి అక్షరంతో మొదలై పక్కన సంవత్సరపు చివరి రెండంకెలు ఉంటే అది ఎడిసన్‌కు వచ్చిన ఉత్తరాలు ఎక్కువగా చేరిన దస్త్రంలోనిది. ఎల్‌బి అని ఉంటే అది ఆయన కార్యాలయం నుంచి బయటికి వెళ్లిన ఉత్తరాల నకలు పుస్తకంలోనిది. ఈ తేడా తెలిసినవాళ్లు సగం దారి నడిచినట్టే. ఒక వర్తకుడి ఉత్తరం డి దస్త్రంలో కనిపిస్తే, దానికి వెళ్లిన జవాబు ఆ తర్వాతి రోజుల ఎల్‌బి పుటల్లో ఉండే అవకాశం ఉంది. రెండూ పక్కపక్కన పెట్టుకుని చదివినప్పుడే బేరం ఏమిటో తెలుస్తుంది. కొన్నిసార్లు జవాబు అంతదూరం కూడా పోదు. వచ్చిన ఉత్తరం పైభాగంలోనో అంచులోనో ఎడిసన్ రెండు ముక్కలు గీకి పెట్టేవారు, దాన్ని బట్టి కార్యదర్శి పూర్తి జవాబు రాసేవాడు. ఆ రెండు ముక్కల్లో ఆయన అసలు అభిప్రాయం ఉంటుంది, కార్యదర్శి జవాబులో మర్యాద చేరుతుంది. అందుకని ఉత్తరాన్ని చదివేటప్పుడు అంచులను వదిలిపెట్టకండి.

నకలు పుస్తకం గురించి కొంత వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఆ పుటలను మొదటిసారి తెరిచినవాళ్లు స్కాన్ చెడిపోయిందనుకుని మూసేస్తారు. కార్బన్ కాగితం వాడుక పెరగకముందు కార్యాలయాల్లో ఉత్తరాన్ని ప్రత్యేకమైన సిరాతో రాసి, పుస్తకంలోని పలుచటి కాగితాన్ని తడిపి దాని కింద ఉత్తరాన్ని పెట్టి, ఇనుప మరలో బిగించి నొక్కేవారు. సిరా కొంత తడి కాగితానికి అంటుకునేది. అంటిన వైపు అక్షరాలు తిరగబడి ఉంటాయి. ఉల్లిపొర లాంటి ఆ కాగితం పలుచన కాబట్టి అవతలి వైపు నుంచి చూస్తే సరిగా కనిపిస్తాయి. తడి ఎక్కువైన చోట అక్షరాలు అలుక్కుపోయాయి, తక్కువైన చోట పంక్తులు మాసిపోయాయి. ఇలాంటి పుటను బాగా పెద్దది చేసి, వెలుతురు తగ్గించి, నలుపు తెలుపుల మధ్య తేడాను పెంచి చూడండి. తేదీని, సంబోధనను, సంతకాన్ని ముందు పోల్చుకోండి. అదే చేతిరాతలోని స్పష్టమైన మరో పుటను పక్కన తెరిచి పెట్టుకుని అక్షరం అక్షరం సరిచూసుకోండి. ఎడిసన్ సొంత చేతిరాత ఇంతకన్నా సులువు. యవ్వనంలో టెలిగ్రాఫ్ ఆపరేటరుగా వేగంగా రాసుకోవలసి వచ్చి అలవరచుకున్న దస్తూరీ అది, తేటగా ఉంటుంది.

నోట్‌బుక్కులు చదివేటప్పుడు తేదీయే ప్రాణం. అప్పటి అమెరికా చట్టం ప్రకారం పేటెంటు తగాదాలో ముందు కనిపెట్టినవారిదే హక్కు, అందుకే వెస్ట్ ఆరెంజ్‌కు ముందు ఎడిసన్ ప్రయోగశాల ఉన్న మెన్లో పార్క్ నాటి నోట్‌బుక్కుల్లో బొమ్మ పక్కన తేదీ, కింద చార్లెస్ బ్యాచిలర్ వంటి సహచరుల సంతకాలు కనిపిస్తాయి. అయితే పుట మీద ఉన్న తేదీ ఆ పుట పుట్టిన రోజే రాసినదని ముందే నమ్మేయకూడదు. ‘క్రూసీ, దీన్ని తయారుచెయ్యి’ అన్న అర్థం వచ్చే రాతతో, 1877 ఆగస్టు 12 తేదీతో ఉన్న ఫోనోగ్రాఫ్ (మాటను నమోదు చేసి తిరిగి వినిపించే యంత్రం) బొమ్మ ఎన్నో పుస్తకాల్లో అచ్చయింది. ఆ రాత చాలా ఏళ్ల తర్వాత చేర్చినదని పరిశోధకులు తేల్చారు. యంత్రం తయారీకి ముందు గీసిన బొమ్మ మీద తేదీ నవంబరు 29. యంత్రం డిసెంబరు మొదటి వారంలో తయారైంది, పేటెంటు దరఖాస్తు డిసెంబరు 24న వెళ్లింది. ఈ మూడు తేదీలూ ఒకదాని వెంట ఒకటి అతుకుతాయి, ఆగస్టు తేదీ అతకదు. ఒక పత్రం మీది తేదీని ముందూ వెనకా ఉన్న పత్రాలతో సరిచూడడం అంటే ఇదే.

విద్యుద్దీపం విషయంలోనూ అంతే. 1879 అక్టోబరులో దీపం 40 గంటలు వెలిగిందని బడిపుస్తకాల నుంచి అందరమూ విన్నాం. అక్టోబరు 22 నాటి ప్రయోగం గురించి నోట్‌బుక్కులో ఉన్నది, మామూలు కుట్టు దారాన్ని బొగ్గుగా మార్చి అమర్చిన దీపం అర్ధరాత్రి దాటాక ఒకటిన్నరకు మొదలుపెట్టగా పదమూడున్నర గంటలు వెలిగిందని. నా మటుకు నాకు ఆ పదమూడున్నర గంటలే ఎక్కువ గౌరవం కలిగిస్తాయి, ఎందుకంటే అవి ఆ రాత్రి మేలుకుని ఉన్నవాళ్లు రాసిన అంకెలు.

ఇక వ్యాపార పత్రాలు. చాలామంది వీటిని దాటేసి నోట్‌బుక్కులకూ ఫోటోలకూ పోతారు. అది నష్టమని గట్టిగా చెబుతాను. ఎవరు ఎప్పుడు పనిలో చేరారు, ఏ లోహం ఎంత కొన్నారు, ఏ ఊరికి ఎవరిని పంపారు, డబ్బు ఎవరి చేతి నుంచి వచ్చింది అన్నవి బిల్లుల్లో, జీతాల పట్టీల్లో, ఖాతాల్లో తెలుస్తాయి. 1881లో కార్యదర్శిగా చేరిన శామ్యూల్ ఇన్సల్ రాసిన ఉత్తరాలతో మొదలుపెట్టడం మంచిది, ఎందుకంటే ఎడిసన్ డబ్బు వ్యవహారాలు ఆయన చేతుల మీదుగా నడిచాయి. 1882 సెప్టెంబరు 4న న్యూయార్క్‌లో పెర్ల్ స్ట్రీట్ విద్యుత్ కేంద్రం మొదలయ్యే నాటికి ఎడిసన్ పేరుతో అనేక కంపెనీలు ఉన్నాయి. కాబట్టి ఖాతా చదివేముందు అది ఏ కంపెనీదో నిర్ధారించుకోండి. లేకపోతే ఒకరి అప్పు మరొకరికి అంటగట్టినవాళ్లమవుతాం.

అభ్యాసం కోసం మనకు సంబంధం ఉన్న పేరొకటి చెబుతాను. న్యూజెర్సీలోని బడిపంతులు జేమ్స్ రికాల్టన్‌ను ఎడిసన్ 1888లో దీపంలో వాడే తంతువుకు తగిన వెదురు కోసం ఆసియాకు పంపారు. ఆయన సింహళానికీ భారతదేశానికీ కూడా వచ్చి వెదుళ్లను పరీక్షించారు. ఆ పేరు, 1888, 1889 సంవత్సరాలు పెట్టి వెతకండి. ఎదురైన ఉత్తరాలను తేదీల వరుసలో పేర్చి, వాటిలోని ఊళ్ల పేర్లను పటం మీద గుర్తించండి. నకలు పుస్తకం, ఖాతాలు, ఉత్తరాల దస్త్రం మూడింటినీ కలిపి చదవడం ఈ ఒక్క ప్రయాణంతోనే అలవాటవుతుంది.

ఫోటోలు ఎక్కువగా వెస్ట్ ఆరెంజ్‌లోని జాతీయ చారిత్రక ఉద్యానవనం అధీనంలో ఉన్నందున వాటిని పత్రాల నుంచి వేరుగా వెతకవలసి ఉంటుంది. ఒకే ఫోటోకు అనేక ప్రతులు ఉంటాయి, కొన్నింటిని అంచులు కత్తిరించి అచ్చువేశారు. అందుకే వీలైనంత పూర్తి ప్రతిని ఎంచుకోండి. వెనుకవైపు స్కాన్ ఉంటే దాన్నీ తెరవండి. స్టూడియో ముద్ర, పెన్సిలు రాత, నెగటివ్ సంఖ్య అక్కడే ఉంటాయి. ఫోటో కింది వ్యాఖ్యను సాక్ష్యంగా కాక, విచారించవలసిన వాదనగా తీసుకోండి. 1888 జూన్ 16న, 72 గంటలు ఏకబిగిన పనిచేశాక తీసినదని చెప్పే ఎడిసన్ చిత్రంలో ఆయన చెదిరిన జుట్టుతో, అలసిన ముఖంతో మెరుగుపరచిన ఫోనోగ్రాఫ్ పక్కన కూర్చుని ఉంటారు. ఆ అలసట నిజమే కావచ్చు. అయినా ఆ యంత్రం అప్పుడు అమ్మకానికి సిద్ధమవుతున్నది, అది ప్రకటనకు పనికొచ్చే చిత్రం. అందుచేత ఆ వారపు ఉత్తరాలను, బిల్లులను చూడకుండా ఫోటో ఒక్కదాన్నే ఆధారం చేసుకోవడం తొందరపాటు అవుతుంది.

చివరిగా, చూసిన ప్రతి పత్రానికీ ఒక చీటీ రాసుకోండి. అందులో పత్రం సంఖ్య, ఫోల్డరు పేరు, భద్రపరచిన సంస్థ, పత్రం మీది తేదీ, మీరు చూసిన తేదీ ఉండాలి. తేదీ చుట్టూ చదరపు బ్రాకెట్లు ఉంటే అది సంపాదకుల ఊహ కాబట్టి బ్రాకెట్లతోనే ఎత్తి రాయండి. బొమ్మను ప్రచురించాలనుకుంటే ఆ పత్రం కిందే ఉన్న హక్కుల వివరం చదివి, అవసరమైతే ఆ సంస్థకు ఉత్తరం రాసి అనుమతి తెచ్చుకోండి. దించుకున్న బొమ్మల ఫైళ్లకు పత్రం సంఖ్యనే పేరుగా పెట్టండి. ఆరు నెలల తర్వాత అదే పుటకు తిరిగి వెళ్లవలసి వచ్చినప్పుడు ఆ సంఖ్య ఒక్కటి చాలు.